కానుగ గింజకు ధర, బయోడీజిల్‌కు పరీక్ష

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

పెట్రోల్‌లో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరిన నాటి నుంచి మీ పత్రికలో వస్తున్న కథనాలనూ, వాటిపై పాఠకులు రాస్తున్న ఉత్తరాలనూ శ్రద్ధగా చదువుతున్నాను. ఆ చర్చలో డీజిల్ మాట దాదాపుగా వినిపించడం లేదు. మన దేశంలో పెట్రోల్ కన్నా రెట్టింపుకు పైగా ఖర్చయ్యేది డీజిలే. ట్రాక్టరు, వరికోత యంత్రం, బోరు బండి, ఆర్టీసీ బస్సు, సరకుల లారీ, సముద్రం మీది మరపడవ, కరెంటు పోయినప్పుడు ఆసుపత్రిని నడిపే జనరేటరు, ఇవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మొక్కల నూనెల వంటి వాటి నుంచి తయారయ్యే బయోడీజిల్‌ను 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం కలపాలని 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం లక్ష్యం పెట్టుకుంది. గడువు దగ్గర పడింది. కలుస్తున్నది మాత్రం ఒక శాతం కూడా లేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా పాలిటెక్నిక్ కళాశాలలో డీజిల్ ఇంజిన్ల పాఠం చెప్పి, వర్క్‌షాపులో విద్యార్థులతో కలిసి ఇంజిన్లు విప్పి బిగించి, విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మొక్కల నూనెలతో డీజిల్ ఇంజిన్ నడుస్తుందా, పాడవుతుందా అన్న సందేహంతో మా ప్రాంతపు రైతులు ఇప్పటికీ నా దగ్గరకు వస్తుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పిన సమాధానాన్ని మీ పత్రిక ద్వారా అందరికీ చెప్పాలనీ, దానితో పాటు ప్రభుత్వాల ముందు కొన్ని అభ్యర్థనలు ఉంచాలనీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంజిన్ సంగతి ముందు చెబుతాను. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఆఫ్రికాలోని తమ వలస ప్రాంతాల్లో వేరుశనగ బాగా పండుతుంది కనుక, అక్కడి అవసరాలకు అక్కడి నూనే పనికొస్తుందేమో చూడాలని ఫ్రెంచి ప్రభుత్వం కోరడం వల్ల ఆ ఏర్పాటు జరిగింది. ఇంజిన్‌లో ఏ మార్పూ చేయకుండానే అది నడిచిందని రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా తర్వాత నమోదు చేశాడు. వేరుశనగే బతుకుగా ఉన్న అనంతపురం జిల్లాలో పుట్టిన నాకు, ఈ సంగతి తరగతిలో చెప్పిన ప్రతిసారీ ఒక ఉత్సాహం కలిగేది. అయితే ఒక ప్రదర్శనలో కొన్నాళ్లు నడవడం వేరు, రైతు పొలంలో ఏళ్ల తరబడి నడవడం వేరు. ఆ తేడా నాకు మా వర్క్‌షాపులోనే తెలిసింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, కానుగ నూనె గురించి అందరూ ఆశగా మాట్లాడుకుంటున్న రోజుల్లో, మా కళాశాలలో ఉన్న అయిదు హార్స్‌పవర్ల ఒంటి సిలిండర్ ఇంజిన్‌ను పచ్చి కానుగ నూనెతో నడిపి చూశాం. గానుగ ఆడించి తెచ్చిన నూనెను గుడ్డతో వడకట్టి, ఇంజిన్‌ను మొదట డీజిల్‌తో మొదలుపెట్టి, వేడెక్కిన తర్వాత నూనెకు మార్చాం. మొదటి రోజుల్లో ఏ ఇబ్బందీ కనిపించలేదు. పైగా శబ్దం కాస్త మెత్తబడింది. విద్యార్థులు సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డాను. కొన్ని వారాలు గడిచాక స్టార్ట్ కావడం కష్టమైంది, నల్ల పొగ మొదలైంది. సిలిండర్‌లోకి ఇంధనాన్ని చిమ్మే నాజిల్‌ను విప్పి చూస్తే దాని మొన చుట్టూ కార్బన్ గట్టిగా పేరుకుని, విచ్చుకున్న పుట్టగొడుగులా కనిపించింది. పిస్టన్ రింగులు వాటి గాడుల్లో అతుక్కుపోయాయి. ఇంజిన్ ఆయిల్ తీస్తే బెల్లం పాకంలా సాగింది. ఆ రోజు విద్యార్థులకు నేను చెప్పిన మాట ఇప్పటికీ అదే చెబుతున్నాను: పచ్చి నూనెను, అది కానుగదైనా వేపదైనా పామాయిలైనా, నేరుగా ట్యాంకులో పోయకండి. పక్క ఊళ్లో ఎవరో పోశారనీ బండి నడిచిందనీ విని పోసినవాళ్లకు, నడిచిన సంగతి మొదట తెలుస్తుంది, జరిగిన నష్టం ఇంజిన్ విప్పినప్పుడు తెలుస్తుంది.

కారణం నూనె చిక్కదనంలో ఉంది. 40 డిగ్రీల వేడి దగ్గర డీజిల్ చిక్కదనం సుమారు 2 నుంచి 4.5 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటే, మన నూనెల చిక్కదనం 30 నుంచి 40 వరకు ఉంటుంది. నాజిల్ రంధ్రాలు పలచని ద్రవాన్ని పొగమంచులా చిమ్మడానికి చేసినవి. చిక్కని నూనె పెద్ద పెద్ద బొట్లుగా పడుతుంది, పూర్తిగా కాలదు, కాలనిది మొన మీద మాడి అంటుకుంటుంది, గోడల మీదుగా జారి కింది ఆయిల్‌లో చేరి దాన్ని జిగురుగా మారుస్తుంది. నూనె అణువును ఒక కాడకు అతుక్కున్న మూడు పొడవాటి రెమ్మలుగా ఊహించుకోవచ్చు. ఆ కాడ గ్లిజరిన్, రెమ్మలు కొవ్వు ఆమ్లాలు. నూనెను మిథనాల్‌తోనూ కొద్దిపాటి కాస్టిక్ సోడాతోనూ కలిపి 60 డిగ్రీల దరిదాపుల్లో వేడిమి ఉంచి తిప్పితే, రెమ్మలు కాడ నుంచి విడిపోయి ఒక్కొక్కటీ మిథనాల్‌తో జతకడతాయి. బరువైన గ్లిజరిన్ అడుగుకు చేరుతుంది, పైన తేలిన పలచని ద్రవం మిథైల్ ఎస్టర్. దాన్నే మనం బయోడీజిల్ అంటాం. దాని చిక్కదనం 4, 5 సెంటీస్టోకులకు దిగివస్తుంది. స్థూలంగా వంద కిలోల నూనెకు పది పదకొండు కిలోల మిథనాల్ ఖర్చయితే, దాదాపు వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ చేతికొస్తాయి.

కానుగ నూనె విషయంలో ఒక చిక్కుంది. కాయలు నేల మీద రాలి, తడిసి, నిల్వలో ఉండి, ఆలస్యంగా గానుగకు వెళ్లడం వల్ల నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. అలాంటి నూనెకు నేరుగా కాస్టిక్ సోడా కలిపితే బయోడీజిల్‌కు బదులు సబ్బు తయారవుతుంది. అందుకే ముందుగా కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మిథనాల్‌ను కలిపి ఆ ఆమ్లాలను ఎస్టర్లుగా మార్చి, తర్వాతే రెండో దశకు వెళ్లాలి. మేమూ రెండు మూడు సార్లు సబ్బు నురగతో బకెట్లు నింపిన తర్వాతనే ఈ పద్ధతి పట్టుబడింది. ఆ బయోడీజిల్‌ను నీళ్లతో కడిగి, తడి ఆరే దాకా కాచి, డీజిల్‌లో 20 శాతం కలిపి, నాజిలూ రింగులూ కొత్తవి వేసిన అదే ఇంజిన్‌ను ఒక పంటకాలం నడిపాం. విప్పి చూసినప్పుడు నాజిల్ మొన శుభ్రంగా ఉంది.

స్వచ్ఛమైన బయోడీజిల్‌లో శక్తి, సాధారణ డీజిల్‌తో పోలిస్తే లీటరుకు సుమారు ఎనిమిది శాతం తక్కువ. 5 శాతం మిశ్రమంలో ఈ లోటు అర శాతం కూడా ఉండదు కనుక మైలేజీలో తేడా డ్రైవరుకు తెలియదు. 20 శాతం మిశ్రమంలో రెండు శాతం లోపు తగ్గవచ్చు. బయోడీజిల్‌లో పది పదకొండు శాతం ఆక్సిజన్ ఉండడం వల్ల ఇంధనం మరింత పూర్తిగా కాలుతుంది. భారీ వాహనాల ఇంజిన్ల మీద జరిగిన పరీక్షలన్నింటినీ క్రోడీకరించి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2002లో ఇచ్చిన లెక్కల ప్రకారం, 20 శాతం మిశ్రమం వాడినప్పుడు పొగలోని సూక్ష్మ ధూళి సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. ఆ చివరి అంకెను దాచకూడదు. గంధకం బాగా తగ్గించిన నేటి డీజిల్‌కు జారుడు గుణం తక్కువ. ఒకటి రెండు శాతం బయోడీజిల్ చేరినా ఇంధన పంపు అరుగుదల తగ్గుతుంది. ఇది మెకానిక్కులు గుర్తించవలసిన లాభం.

ఇక జాగ్రత్తల విషయం. పాత ట్రాక్టరు ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కరిగించి కదిలిస్తుంది. అందుకే మొదటిసారి 20 శాతం మిశ్రమం పోసిన కొద్ది రోజులకే ఫిల్టర్ పూడుకుపోయి బండి ఆగుతుంది. రైతు బయోడీజిల్‌ను తిట్టుకుంటాడు. నిజానికి ట్యాంకు ముందుగా కడిగించి, ఒక ఫిల్టర్ అదనంగా దగ్గర ఉంచుకుంటే ఆ తిట్టు తప్పుతుంది. పాత ఇంజిన్లలోని సాధారణ రబ్బరు గొట్టాలు ఎక్కువ శాతం మిశ్రమాలకు ఉబ్బి మెత్తబడతాయి. రాగి, ఇత్తడి, జింకు తగిలితే బయోడీజిల్ త్వరగా చెడుతుంది. మన ఊళ్లలో డీజిల్ నిల్వకు వాడే జింకు పూత డబ్బాలు దీనికి పనికిరావు. గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం ఉంది కనుక వానాకాలంలో మూత సరిగా లేని డ్రమ్ములో నిల్వ చేస్తే అడుగున నీరూ, ఆ నీటి అంచున నాచు లాంటి జిగురూ చేరతాయి. ఆరు నెలలకు మించి నిల్వ పెట్టకూడదు. 2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య ప్రమాణాలతో వచ్చిన బీఎస్-6 వాహనాల యజమానులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ను శుభ్రం చేసుకోవడానికి చాలా ఇంజిన్లు అదనంగా ఇంధనాన్ని సిలిండర్‌లోకి చిమ్ముతాయి; బయోడీజిల్ డీజిల్ అంత తేలికగా ఆవిరి కాదు కనుక అందులో కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. మన డీజిల్ ప్రమాణం 7 శాతం వరకే బయోడీజిల్‌ను అనుమతించడంలో, అంతకు మించి 20 శాతం వరకు ఉండే మిశ్రమాలకు వేరే ప్రమాణం ఏర్పరచడంలో ఒక ఉద్దేశం ఇదే. కొత్త బండి కొన్నవారు కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఎంత శాతం వరకు అనుమతి ఉందో చూసి అంతవరకే వాడాలి.

ఇంతవరకు చెప్పింది సక్రమంగా తయారైన బయోడీజిల్ గురించి. ఊళ్లలో ఆ పేరుతో అమ్ముడవుతున్నదంతా బయోడీజిల్ అనుకోవడానికి వీల్లేదు. కొంతకాలం కిందట మా మండలంలోని ఒక రైతు, రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్న ఒక అమ్మకందారు దగ్గర, బంకు ధర కన్నా బాగా తక్కువకు వస్తోందని బయోడీజిల్ పేరుతో రెండు డ్రమ్ములు కొన్నాడు. దుక్కుల రోజులు. వారం తిరక్కుండానే ట్రాక్టరు పంపు బిగుసుకుపోయింది. పంపు మార్పించడానికి అయిన ఖర్చు, మిగిల్చుకున్నానని అతను అనుకున్న మొత్తానికి ఎన్నో రెట్లు. అంతకు మించి, అదను తప్పిన దుక్కికి ఎవరూ పరిహారం ఇవ్వలేదు. మిగిలిన డ్రమ్ములోంచి ఒక సీసాడు తెచ్చి చూపిస్తే వాసనలోనే తేడా తెలిసింది. సమానంగా నీళ్లు పోసి గట్టిగా కుదిపి పక్కన పెట్టాను. మంచి బయోడీజిల్ అయితే అరగంటలో నీరు కిందికి తేటగా దిగి, పైన ఇంధనం విడిగా తేలుతుంది. ఇది మరునాటికి కూడా మజ్జిగలా తెల్లగానే ఉంది. అందులో సబ్బు నిండా ఉందన్నమాట. ఇంకేం కలిసి ఉన్నాయో పరీక్షశాల చెప్పాలి.

ఇంకొక సులువైన పరీక్ష ఉంది. ఇరవై ఇరవై రెండు డిగ్రీల గది వేడిమిలో 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ వేసి కలిపితే, ఎస్టర్‌గా మారినదంతా కరిగిపోతుంది, మారకుండా మిగిలిన నూనె చుక్కలుగా అడుగుకు దిగుతుంది. మిథనాల్ విషం, కొద్దిగా లోపలికి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు, దాని మంట పగటి వెలుతురులో సరిగా కనిపించదు కూడా. అందువల్ల ఈ పరీక్ష రైతు ఇంట్లో చేసుకోదగ్గది కాదు. ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో, వ్యవసాయ మార్కెట్ యార్డుల్లో శిక్షణ పొందినవారు చేయదగ్గది. ఇంటి దగ్గర బయోడీజిల్ తయారు చేసుకోవచ్చని చూపించే వీడియోలను చూసి కుర్రవాళ్లు ప్లాస్టిక్ బకెట్లలో ప్రయత్నిస్తున్నారని విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

బయోడీజిల్ అమ్మకాలకు సంబంధించి కేంద్రం 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది. నాణ్యతకు భారతీయ ప్రమాణం 2005 నుంచే ఉంది. గుజరాత్‌లో బయోడీజిల్ పేరుతో పారిశ్రామిక ద్రావకాలను అమ్మే కేంద్రాల మీద అక్కడి ప్రభుత్వం పెద్ద ఎత్తున దాడులు చేయవలసి వచ్చింది. నిబంధన కాగితం మీద ఉండి, పరీక్షించే చేయి మండలంలో లేనప్పుడు నకిలీ సరకే రాజ్యమేలుతుంది, నిజాయితీగా తయారు చేసేవాడి సరకుకు కూడా చెడ్డపేరు వస్తుంది. రైతుకు ఒకసారి చెయ్యి కాలితే పదేళ్ల దాకా ఆ పేరెత్తడు.

అలా చెయ్యి కాలడం మనకు కొత్త కాదు. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ బంజరు భూముల్లో అడవి ఆముదం, అంటే జట్రోఫా, కోటి హెక్టార్లకు పైగా నాటవచ్చని నివేదిక ఇచ్చింది. నీళ్లు అక్కర్లేదన్నారు, ఎరువు అక్కర్లేదన్నారు, పశువులు ముట్టవన్నారు. చివరి మాట ఒక్కటే నిజమైంది. జట్రోఫా ఎండకు చావదు, కాని నీళ్లూ బలమూ లేకుండా కాయదు. అది అప్పటికి అడవి మొక్కే తప్ప, తరాల తరబడి మనిషి ఎంచి మెరుగుపరిచిన పంట కాదు. ఒక మొక్కకూ పక్క మొక్కకూ కాపులో పోలిక ఉండదు. కాయలన్నీ ఒక్కసారి పండవు కనుక ఏరడానికి మళ్లీ మళ్లీ కూలీలు కావాలి. మా జిల్లాలో ఆశపడి నాటినవారు మూడు నాలుగేళ్లు చూసి పీకేసిన పొలాలు నాకు తెలుసు. ధర సంగతి ఇంకా బాధాకరం. 2005 అక్టోబరులో ప్రకటించి 2006 జనవరి నుంచి అమలు చేసిన కొనుగోలు విధానంలో చమురు సంస్థలు లీటరు బయోడీజిల్‌ను సుమారు పాతిక రూపాయలకు కొంటామన్నాయి. తయారీ ఖర్చు అంతకు మించింది. కొనుగోలు కేంద్రాలైతే తెరిచారు కాని వాటికి సరకు రాలేదు. 2009 నాటి విధానం 2017 కల్లా 20 శాతం కలుపుతామంది. 2017 వచ్చి వెళ్లింది.

ఈ వైఫల్యంలో ఇంజిన్ దోషం ఏమీ లేదు. 2002 డిసెంబరు 31న ఢిల్లీ-అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను 5 శాతం బయోడీజిల్ మిశ్రమంతో రైల్వే శాఖ నడిపి చూపింది. రైలింజిన్‌కే సరిపోయింది ట్రాక్టరుకు సరిపోదా? లోపమంతా గింజ దగ్గరా, దాని ధర దగ్గరా, సరకు పరీక్ష దగ్గరా ఉంది.

ఏ నూనె వాడాలన్న ప్రశ్నకు వస్తే, వంటనూనెను ఇంధనంగా మార్చే ఆలోచనను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. దేశం ఏటా తొమ్మిది కోట్ల టన్నులకు అటూ ఇటూగా డీజిల్ కాలుస్తోంది. అందులో 5 శాతం అంటే 45 లక్షల టన్నులు. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా ఇప్పటికే దిగుమతి చేసుకుంటున్నాం. ఇండోనేషియా తన పామాయిల్‌తో డీజిల్‌లో 35 శాతం, ఆపైన 2025 నుంచి 40 శాతం కలుపుతోందని చూసి మనమూ అలా చేయాలనేవారున్నారు. ఆ దేశం ప్రపంచంలోకెల్లా ఎక్కువ పామాయిల్ తీసే దేశం. అదే దేశం 2022 ఏప్రిల్ చివర తన అవసరాలకని ఎగుమతులు మూడు వారాలకు పైగా ఆపేస్తే, మన ఇళ్లలో నూనె ప్యాకెట్టు ధర ఎలా మండిందో గృహిణులు మరిచిపోలేదు. దేశంలో ఆయిల్‌పామ్ దిగుబడి దాదాపు అంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచే వస్తోంది. ఆ గెలలు పొయ్యి మీదికి వెళ్లాలి, ఇంజిన్‌లోకి వద్దు. పారిస్‌లో వేరుశనగ నూనెతో ఇంజిన్ నడిచిందని గర్వించే నేనే, మా జిల్లా వేరుశనగను ఇంధనంగా కాల్చే రోజు రాకూడదని కోరుకుంటాను.

అందుకే కానుగ గురించి ఇంతగా చెప్పవలసి వస్తోంది. ఇది మన చెట్టు. చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన, పాఠశాలల ఆవరణల్లో ఎవరూ నీళ్లు పోయకపోయినా నీడనిస్తూ నిలబడుతుంది. ఆకును మన పెద్దలు వరిమడిలో పచ్చిరొట్టగా తొక్కేవారు. గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో నిలిపే జాతి కనుక నేలను బలహీనపరచదు. నూనె తీయగా మిగిలిన చెక్కలో నత్రజని సుమారు 4 శాతం ఉంటుంది. చెదను, నేలలోని పురుగులను అణచే చేదు కూడా అందులోనే ఉంది. నిమ్మ, బత్తాయి తోటలవారు దాన్ని వెతికి కొంటారు. పశువులకు మాత్రం పెట్టకూడదు. పప్పులో మూడో వంతు వరకు నూనె ఉన్నా, ఊరి మిల్లులో నాలుగు కిలోల పప్పుకు ఒక కిలో దిగితే మేలే. నాటిన నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల లోపు కాపు మొదలవుతుంది. చెట్టుకూ చెట్టుకూ కాపులో ఎంతో తేడా ఉంటుందన్నది కానుగకూ వర్తిస్తుంది. జట్రోఫా దగ్గర చేసిన తప్పు మళ్లీ చేయకూడదంటే, విత్తనం చల్లి మొలిచిన మొక్కలకు బదులు, బాగా కాసే చెట్ల నుంచి అంటు కట్టిన మొక్కలను నాటాలి.

చిన్న లెక్క ఒకటి చెబుతాను. ఒక మండలంలో రోజుకు 5,000 లీటర్ల డీజిల్ వాడుతున్నారనుకుందాం. 5 శాతం కలపాలంటే రోజుకు 250 లీటర్లు, ఏడాదికి 91,000 లీటర్ల పైచిలుకు, అంటే దాదాపు 80 టన్నుల బయోడీజిల్ కావాలి. దానికి 320 టన్నుల పప్పు కావాలి. చెట్టుకు పది కిలోల పప్పు చొప్పున 32,000 చెట్లు. రోడ్డుకు రెండు పక్కలా అయిదు మీటర్లకొకటి నాటితే కిలోమీటరుకు 400 చెట్లు. అంటే 80 కిలోమీటర్ల రోడ్డో, కాలువ గట్టో కావాలి. ఒక మండలానికి ఇది అసాధ్యం కాదు, ఆషామాషీ కూడా కాదు. దేశమంతటి 45 లక్షల టన్నులకు ఇదే లెక్క వేస్తే కోటీ ఎనభై లక్షల టన్నుల పప్పు కావాలి. అది కానుగ ఒక్కదానితో అయ్యే పని కాదని ఎవరికైనా అర్థమవుతుంది. కనుక దేశం మొత్తానికి ఒక పెద్ద అంకె పెట్టుకుని దాని వెంట పరుగెత్తడం కన్నా, గింజ దొరికే చోటనే నూనె తీసి, ఆ చుట్టుపక్కల పంపుసెట్లకు, ట్రాక్టర్లకు, పాల వ్యాన్లకు కలిపి వాడుకోవడం మేలని నా అభిప్రాయం. గింజను లారీల్లో వందల కిలోమీటర్లు మోస్తే లాభమంతా దారిలోనే కాలిపోతుంది.

ఇక ఆ గింజ ఏరేది ఎవరు? మా వైపు ఎండలు ముదిరే వేళకు కాయలు రాలతాయి. భూమి లేని ఆడవాళ్లు, ముసలివాళ్లు తెల్లవారుజామునే గోనెసంచులతో రోడ్ల వెంట వెళ్లి ఏరతారు. మధ్యాహ్నమంతా ఇంటి నీడన కూర్చుని రాయితో కొట్టి పప్పు తీస్తారు. రోజంతా చేసినా సంచి అడుగు నిండదు. వారానికొకసారి వచ్చే వ్యాపారి చెప్పిందే ధర, తూచిందే తూకం. ఆ పప్పు సబ్బుల తయారీకి, తోళ్ల పరిశ్రమకు పోతుంది. గిరిజన ప్రాంతాల్లో ఏరిన చిన్న అటవీ ఫలసాయానికి కనీస మద్దతు ధర ఇచ్చే పథకం 2013-14లో మొదలైనప్పటి నుంచీ అందులో కానుగ గింజ ఉంది. కాని మైదాన ప్రాంతాల్లో, ఎండకు మాడుతూ అదే గింజను ఏరే మనిషికి ఆ ధర అందదు. మద్దతు ధర అడవి అంచు దగ్గర ఆగిపోవడానికి నాకు ఏ న్యాయమూ కనిపించడం లేదు.

ఈ సందర్భంలో ఆదిలాబాద్ అటవీ ప్రాంతంలోని పవర్‌గూడను గుర్తుచేయాలి. ఆ చిన్న ఆదివాసీ గూడెం మహిళా సంఘాలవారు కానుగ మొక్కలు పెంచి, నూనె మిల్లు పెట్టుకుని, పదేళ్లలో ఆ నూనె డీజిల్‌కు బదులుగా వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. డబ్బు చిన్నదే. కాని కర్బన విపణి, అంటే తగ్గించిన కాలుష్యాన్ని లెక్కకట్టి అమ్ముకునే మార్కెట్, అనే మాట మన నగరాల్లోనే చాలామందికి తెలియని రోజుల్లో, ఒక గూడెం ఆడవాళ్లు తమ చెట్ల విలువను అంతర్జాతీయ సంస్థతో లెక్క కట్టించారు. ఆ పనిని ఇరవై ఏళ్లలో ఇరవై మండలాలకు విస్తరించలేకపోయిన బాధ్యత వాళ్లది కాదు.

పట్టణాలకు మరో వనరు ఉంది. మిర్చిబజ్జీల బండి మొదలు పెద్ద హోటలు దాకా మరిగించి మరిగించి నల్లబడిన నూనె చివరికి చవగ్గా మరొకరి మూకుడులోకే చేరుతోంది. మరిగించే కొద్దీ నూనెలో పెరిగే పోలార్ పదార్థాల (టోటల్ పోలార్ కాంపౌండ్స్) మొత్తం 25 శాతం దాటితే వంటకు వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జులై నుంచి నిబంధన తెచ్చి, ఆ నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే కార్యక్రమాన్ని కూడా అదే ఏడాది ప్రారంభించింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో ఇది పకడ్బందీగా సాగితే జనం కడుపులోకి పోవలసిన విషం ఇంజిన్‌లో కాలి బూడిదవుతుంది. ఇంతకు మించిన లాభసాటి పని బయోడీజిల్‌లో మరొకటి లేదని నేను నమ్ముతాను.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. కానుగ గింజకు గిరిజన ప్రాంతాల్లో ఉన్న మద్దతు ధరను మైదాన మండలాలకు కూడా వర్తింపజేసి, మహిళా సంఘాల ద్వారా ప్రతి సీజనులో కొనుగోలు జరిపించాలి. ధరను కాయలు రాలే ముందే ప్రకటించాలి. ఉపాధి హామీ కింద ఏటా నాటే మొక్కల్లో కానుగకు కేటాయించిన వాటా ఏదైతే ఉందో అది అంటు మొక్కలుగా ఉండాలి. ప్రతి జిల్లాలో కనీసం ఒక పాలిటెక్నిక్‌లో బయోడీజిల్ పరీక్షకు చిన్న ప్రయోగశాల పెట్టి, రైతు తెచ్చిన సీసాడు ఇంధనాన్ని నామమాత్రపు రుసుముతో ఆ రోజే పరీక్షించి చెప్పే ఏర్పాటు చేయాలి. మా విద్యార్థులకు అది చదువు కూడా అవుతుంది. అనుమతి లేకుండా బయోడీజిల్ అమ్మే షెడ్లను మూయించడంతో సరిపెట్టకుండా, పట్టుకున్న సరకులో ఏముందో బహిరంగంగా ప్రకటించాలి. మొదటి వాడకందారుగా ప్రభుత్వమే ముందుకు వచ్చి, నీటిపారుదల శాఖ ఎత్తిపోతల డీజిల్ పంపుల్లో, మున్సిపల్ చెత్త వాహనాల్లో 5 శాతం మిశ్రమాన్ని ఒక ఏడాది వాడి, ఇంజిన్లను విప్పి చూపించాలి. నాలుగు ఊళ్ల మెకానిక్కులను పిలిచి వాళ్ల చేతికే ఆ నాజిళ్లు ఇవ్వాలి. రైతు నమ్మేది మెకానిక్ మాటనే.

మీకు కూడా ఒక మనవి. మీ రైతు పేజీలో దుక్కుల కాలానికి ముందు, ట్యాంకు కడగడం, ఫిల్టర్ మార్చడం, నీళ్లతో కుదిపి చూసే పరీక్ష, జింకు డబ్బాల ప్రమాదం, ఈ నాలుగు సంగతులను బొమ్మలతో ఒక్కసారి ప్రచురించండి. నా దగ్గర మా పాత విద్యార్థులు గీసిన బొమ్మలూ, ఆనాటి నాజిళ్ల ఫొటోలూ ఉన్నాయి. మీరు కోరితే పంపగలను.

భవదీయుడు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
అనంతపురం జిల్లా